యాభై మూడు అడుగులు

హేవర్డ్‌లో, మిషన్ బులివార్డ్ వెనక వీధిలో,
కాలిబాట అంచు ఒకచోట తెగి పక్కకి జరిగింది,
తొందరలో కుట్టిన జాకెట్టు భుజంలాగా.
సిమెంటు పూసి సరిచేస్తాం.
మళ్ళీ జరుగుతుంది.
ప్రతి జనవరిలో దాని పక్కన పెన్సిల్‌తో తేదీ వేస్తాను.
అది నా ఉద్యోగంలో భాగం కాదు.

భూదేవంత ఓర్పు అంటాం కదా,
ఇక్కడ ఆ ఓర్పుకి కొలత ఉంది:
ఏడాదికి అయిదు మిల్లీమీటర్లు.
గోరు ఇంతకంటే తొందరగా పెరుగుతుంది.
మిగిలినదంతా లోపల దాచుకుంటుంది,
ఎదురు చెప్పకుండా పళ్ళు బిగించిన మనిషిలా.
గట్టు జరిపినవాడి మీద కోర్టుకెళ్ళొచ్చు.
నేలే గట్టు జరిపితే
దావా ఎవరి మీద?

దియోలిందా ఫుర్తాదో కౌంటర్ దగ్గరికొచ్చింది,
సంచిలో నిమ్మకాయలు, చేతిలో ఇంటి ప్లాను.
"వెనక ఒక్క గది. మా చెల్లి ఇల్మా కోసం.
తనిప్పుడు మెట్లెక్కలేదు."
పటం తెరిచాను.
ఎర్రగీత ఆమె నిమ్మచెట్టు మీదుగా వచ్చి
బట్టలారేసే తీగ దాటి
వంటింటి మూలని రాసుకుంటూ పోతోంది.

"గీత నుంచి యాభై అడుగులు వదలాలండీ."
"నా పెరడే నలభై."
కందకం తవ్వించి, నిపుణుడి చేత చూపించి,
గీత అక్కడ లేదని రుజువు చెయ్యొచ్చన్నాను.
ఖర్చు చెప్పాను. నవ్వింది.
"అంత డబ్బుంటే గదెందుకు బాబూ, ఊరే మారేదాన్ని."

తర్వాత, నేను భయపడే ప్రశ్న:
"కొత్త గదిలో ఇల్మా పడుకోకూడదు. సరే.
పాత గదిలో నేను నలభై ఆరేళ్ళుగా పడుకుంటున్నానే?"
చట్టానికి కొత్త పునాదులతోనే మాటలు.
పాతవాటి భాష దానికి రాదు.
"అది అప్పటి అనుమతి" అన్నాను.
ఆ మాట నాకే
పంటి కింద ఇసుకలా తగిలింది.

గురువారం రాత్రి కౌన్సిల్ ముందు పటం పరిచాను.
ఈ పట్టీ ఖాళీగా ఉండనివ్వండి, పిల్లలు బంతాడుకుంటారు.
ఫైర్ స్టేషన్లన్నీ గీతకి ఒకే పక్క పెట్టకండి.
నీళ్ళ గొట్టం గీత దాటేచోట వంగే కీలు కావాలి.
"ఎకరం ఎంత పలుకుతుందో తెలుసా?" అన్నాడు
బిల్డర్ తరఫు మనిషి, మర్యాదగానే.
తెలుసు. నూట యాభై ఏళ్ళుగా రాని చుట్టానికి
రోజూ చాప పరిచి ఉంచమంటున్నాను.
వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది:
"జనం కార్లలో పడుకుంటున్నారు.
మీరు నేలని ఖాళీగా పడుకోబెడుతున్నారు."
నా పెట్టెలో పన్నెండు రంగులున్నాయి.
ఆ మాటకి ఒక్కటీ సరిపోలేదు.

మా పటం పొలిమేర దగ్గర ఆగిపోతుంది.
గీత ఆగదు.
పక్క ఊరి ప్రణాళికలో దానిది వేరే రంగు,
ఆ పై ఊళ్ళో ఉత్త చుక్కలు.
మూడు ఊళ్ళవాళ్ళం ఒక బల్ల చుట్టూ కూర్చోడానికి
పదకొండేళ్ళు పట్టింది.
అంటే, అయిదున్నర సెంటీమీటర్లు.

పట్టీలో సగం దక్కింది.
మిగతా సగం వచ్చే ఏటికి వాయిదా.

దియోలిందా ఇంటికి నేనే వెళ్ళాను, టేపు పట్టుకుని.
వీధివైపు పాత గ్యారేజీ ఉంది,
మెట్లు లేవు, సాలెగూళ్ళున్నాయి.
గీత నుంచి యాభై మూడు అడుగులు.
రెండుసార్లు కొలిచాను.
ఇప్పుడు ఇల్మా అక్కడ పడుకుంటుంది, చట్టం నీడలో.
అక్క వంటింటి పక్క గదిలో,
ఎప్పటిలాగే.

వెళ్ళబోతుంటే పెరట్లోకి పిలిచింది.
తీగ ఒక కొస కంచెకి, ఒక కొస ఇంటికి.
"ఇది దానంతటదే బిగుసుకుంటుంది," అంది,
తడి దుప్పటి దులుపుతూ.
"అందుకే ఏడాదికోసారి
ముడి కాస్త వదులు చేస్తాను."